తలా గిద్దెడు

ఆష్విల్ సీయస్, పందొమ్మిదేళ్లు.
గుమాస్తా చదువుతుంటే నా మనవడి పేరు
ఇంకెవరిదో అన్నట్టుంది.
రెండు గ్రాముల టిక్ పొడి, ఒక బల్బు.
ఆ బల్బు నా వంటింటిది.
తీగ పీకేసి, లోపలిదంతా తోడేసి
ఆ గాజుబుడ్డిలో పొగ పీలుస్తారు పిల్లలు.
జూన్ నుంచీ నేను చీకట్లోనే వండుతున్నాను.

మేజిస్ట్రేటమ్మ కళ్లద్దాలు తీసి అడిగింది:
"మీ ఇంట్లో ఈ అలవాటు ఎప్పుడు మొదలైంది?"
మంచి ప్రశ్నే. ఇన్నేళ్లూ నన్నెవరూ అడగలేదు.
దుబాసీ నా వైపు తిరిగేలోపే
నా కుడిచెయ్యి దానంతటదే ముడుచుకుంది,
గరిటె కాడ పట్టుకున్నట్టు.

అమ్మా, అప్పుడు నాకు తొమ్మిదేళ్లు.
వూస్టర్ అవతల, బ్రీడ నది ఒడ్డున ద్రాక్షతోట.
చుక్క పొడవకముందే గంట కొట్టేవారు.
బకెట్టు మోసేది నేను. గరిటె నాది.
జామ్ డబ్బాకి కమ్మీ చుట్టిన మగ్గులు చాచి
వరసలో మా నాన్న ఫ్లోరిస్, మా మేనత్త,
వేళ్లకు గంధకం పొడి అంటిన మగాళ్లు,
కడుపుతో ఉన్న ఆడవాళ్లు.
తలా గిద్దెడు.
పొద్దెక్కాక మళ్లీ గంట, మళ్లీ గిద్దెడు.
రోజుకు ఐదుసార్లు.
దొర సీసాల్లోకి ఎక్కని వైన్ అది,
పీపా అడుగు మడ్డి.
కూలిలో కొంత దానికిందే చెల్లు.

చెయ్యి వణక్కుండా కొలుస్తానని
దొరసాని నాకో రిబ్బనిచ్చింది, ఎర్రది.
ఇప్పటికీ దాచుకున్నాను.
ఎందుకో అడక్కండి.

మా అమ్మకి పాలు పడేవి కావు.
తమ్ముడు యాపీ గుక్కపట్టి ఏడిస్తే
గుడ్డకొస మగ్గులో ముంచి వాడి నోట్లో పెట్టేది.
ఉగ్గుపాలతో అబ్బిందంటారే, అదే.
పన్నెండేళ్లొచ్చినా వాడికి
ఏ చెప్పు ఏ కాలిదో తెలిసేది కాదు.
మొద్దన్నాడు పంతులు.
పాపమన్నాడు పాస్టరు.
గరిటె పేరు ఎవరూ ఎత్తలేదు.

కూలికి బదులు వైన్ పొయ్యకూడదని
చట్టం అప్పటికే ఉందట.
ఆ సంగతి గంటకి ఎవరూ చెప్పలేదు.
నాకు మూడో బిడ్డ పుట్టేదాకా మోగుతూనే ఉంది.
ఒక్క దొరైనా ఈ బోనెక్కగా నేను చూడలేదు.

గంట ఆగిన ఏడాదే ఇళ్లూ ఖాళీ చెయ్యమన్నారు.
రైలుపట్టాల పక్కకి, రేకుల గుడిసెల్లోకి వచ్చాం.
అక్కడ గంట లేదు, తోట లేదు, పనీ లేదు.
మా నాన్న మాత్రం రోజుకి ఐదుసార్లు
వేళ తప్పకుండా చెయ్యి చాచేవాడు,
గోడవైపు.

ఇప్పుడా తోటకి బస్సులొస్తాయి.
మొన్నటిదాకా అక్కడ గ్లాసులు కడిగాను.
వచ్చినవాళ్లు గ్లాసు తిప్పి, వాసన చూసి,
నోట్లో పుక్కిలించి
ఇత్తడి గంగాళంలో ఉమ్మేస్తారు. డబ్బిచ్చి మరీ.
మా వరసలో ఒక్కరూ
ఒక్క చుక్క ఉమ్మిన పాపాన పోలేదు తల్లీ.

వీడు మంచివాడని చెప్పడానికి రాలేదు నేను.
నా గ్యాస్ బండ అమ్మాడు.
ఈస్టర్ నాడు నా మీద చెయ్యెత్తాడు.
పెట్టండి లోపల, మీ ఇష్టం.
కానీ ఆ ఫైల్లో మొదటి పేజీ లేదు.
నేనొచ్చింది అది రాయించడానికి.

దుబాసీ అంతా విన్నాడు.
గొంతు సవరించుకుని, ఇంగ్లీషులో
చాలా పొట్టి మాట ఒకటన్నాడు.
మేజిస్ట్రేటమ్మ దాన్ని రాసుకుంది.
రాయడానికి ఒక గుటక వేసినంత సేపు కూడా పట్టలేదు.

వాయిదా పద్నాలుగో తారీకుకి.
తీసుకుపోతుంటే వాడు "ఊమా" అన్నాడు,
చిన్నప్పుడు పక్క తడిపి పిలిచినట్టు.

దారిలో బల్బు కొన్నాను.
షాపువాడు నన్నూ దాన్నీ మార్చి మార్చి చూశాడు.
ఇదిగో, బల్ల మీదే ఉంది,
అట్టపెట్టె ఇంకా విప్పలేదు.