నూట పన్నెండు

నూట పన్నెండు గుడ్లు. నూకరాజు లెక్కపెట్టి
జోడుగుళ్లపాలెం ఇసుకలో కప్పి,
పుల్ల గుచ్చి తారీఖు రాశాడు.
ఒకే తల్లి. ఒకే గొయ్యి. ఒకే వేడి.

నలభై ఎనిమిదో రాత్రి
బొటనవేలంత చీకట్లు ఇసుక తోసుకుని లేచాయి.
కొన్ని అలల వైపు, కొన్ని
భీమిలి రోడ్డు లైట్ల వైపు.
మూడు అసలు కదల్లేదు.

పగలు యూనివర్సిటీ ల్యాబులో నేను చూసేదీ ఇదే.
ఒక కణం రెండయింది. అదే మందు, అదే గాజు పలక.
ఒకటి చచ్చింది,
రెండోది ఊరికే నిద్రపోయి బతికింది.
లోపల అణువులు
పూర్ణా మార్కెట్ సందులో జనంలా
గుద్దుకుంటూ తిరుగుతుంటాయి.
ఎవరి భుజం ఎవరికి తగిలిందో, అంతే,
ఒక తలుపు తెరుచుకుంటుంది,
లేదా తెరుచుకోదు.

నూకరాజుకి కవల కూతుళ్లు.
చిన్నదానిదే ఎడమచేతి వాటం.
"ఎందుకంటావ్?"
బీడీ ఆర్పి అన్నాడు:
"ఏటి సెప్తాం బాబూ, గవ్వలేత్తే
కొన్ని ఎల్లకిలా, కొన్ని బోర్లా.
ఏసినోడు కనబడడు."

వేసినవాడే లేడని చెప్పబోయాను.
అప్పటికే అతను రోడ్డు దాకా పరిగెత్తి
ఒకదాన్ని చెప్పులో ఎత్తి తెచ్చి
నీళ్ల వైపు తిప్పాడు.

అల దాన్ని మళ్లీ ఒడ్డుకే విసిరింది.

ఇంకో అల కోసం
ఇద్దరం నిలబడ్డాం.