రాత్రి నెత్తురు

తొమ్మిదిన్నర దాటితే గాని మా పని మొదలవదు.
అప్పటికి గరువులో అన్నాలైపోయి
కుక్కలు గిన్నెలు నాకుతుంటాయి.
నేనూ, టార్చి పట్టుకున్న ఆశా వీరవేణీ,
నలభై గాజు పలకల చెక్కపెట్టె,
దూదీ, స్పిరిటూ.

"పగలు రాకూడదా అమ్మా" అంటాడు బుల్లెబ్బాయి
గుమ్మంలో అడ్డంగా నిలబడి.
"సూరీడు చూడని నెత్తురు పట్టుకెళ్ళేవాళ్ళు
ఏం చేస్తారో మాకు తెలీదనుకోకు."

చెబుతాను. ప్రతి గుమ్మంలోనూ అదే చెబుతాను.
ఈ పురుగు పగలంతా లోపలెక్కడో ఊపిరితిత్తుల్లో పడుకుని
దోమలు లేచే వేళకి తనూ లేచి
చర్మం దాకా షికారుకొస్తుందని.
చెబుతుంటే నాకే
పొలిమేర దెయ్యం కథ చెబుతున్నట్టుంటుంది.

బుల్లెబ్బాయి నవ్వుతాడు. వేలు మాత్రం ఇవ్వడు.
"గంగరాజు డాక్టరు సూదేస్తే సాయంత్రానికి చెమట పడుతుంది.
మీరు గుచ్చి, ఏమీ ఎక్కించకుండా పోతారు.
ఇదెక్కడి వైద్యం?"

పక్కింట్లో నెత్తురివ్వలేదు గాని
కూచోబెట్టి బోండాం కొట్టించారు.

నూకరత్నం ఇల్లు పుంత చివర, పీచు గోతుల పక్కన.
డొక్కలు నెలల తరబడి నానే నల్లటి నీళ్ళు,
ఆ వాసన ఆమె చీరల్లోనూ ఉంటుంది.
ఇరవై ఏళ్ళు ఆ నీళ్ళలో, మోకాళ్ళ దాకా.
ఎడమ కాలు చూపించదు,
కుచ్చిళ్ళు కిందికి లాక్కుని కూచుంటుంది.
"నీరు దిగిందమ్మా" అంటుంది,
కాలవకి లాకులెత్తారన్నంత మామూలుగా.

అమాస ముందురోజు గజ్జల్లో బిళ్ళ కడుతుందట.
చలి. రెండు దుప్పట్లు, పైన గోనె.
ఉమ్మెత్తాకు వెచ్చజేసి కట్టింది.
మంత్రించిన నల్లతాడు వేయించుకుంది,
కాలు పెరిగి తాడు కోసుకుపోతుంటే
కత్తెరతో తెంపి, దండం పెట్టి, కాలవలో వేసింది.
పెద్దాసుపత్రికి ఒక్కసారే వెళ్ళింది,
పంటు దాటి, రెండు ఆటోలు మారి.
చీటీలు రాసేవాడు కాలి వంక చూసి
ముక్కు మూసుకున్నాడు.
"పీచు వాసన బాబూ, పుండు కాదు" అని చెప్పిందట.
మళ్ళీ వెళ్ళలేదు.

పురుగు సంగతి చెప్పాను.
ఆమె నవ్వలేదు. చాలాసేపు ఆలోచించి
"అయితే దానికి రాత్రి తెలుసన్నమాట,
నా జొరానికి అమాస తెలిసినట్టు" అంది.
మాకిచ్చిన పుస్తకంలో అమాస సంగతి లేదు.
కాదని తల ఊపబోయి
ఎందుకో ఆగాను.

"ఏటా పంచుతారుగా మాత్రలు,
నువ్వు మింగుతావా?"

వీరవేణి టార్చి చూరు వైపు తిప్పింది.
పోయినేడు అక్కడే దొరికాయి,
మింగేశానని నూకరత్నం నాతో చెప్పినవి,
తాటాకుల మధ్య, కాగితం విప్పకుండా.
నా వంటింట్లో జీలకర్ర డబ్బా వెనక
మూడేళ్ళవి ఉన్నాయి.
కళ్ళు తిరుగుతాయని విని,
మింగినట్టు రిజిస్టర్లో
నా సంతకం నేనే పెట్టుకున్నాను.

"లేదు" అన్నాను.
గోతుల్లో కప్పలు ఒక్క క్షణం ఆగాయనిపించింది.
ఆగలేదు. నాకే వినపడలేదు.

నూకరత్నం ఉంగరపు వేలు చాపింది.
"అయితే నువ్వూ ఇవ్వు."

ఇరవై ఏడో పలక మీద ఆమెవి మూడు చుక్కలు.
ఇరవై ఎనిమిదో పలక మీద నా పేరు రాస్తుంటే పెన్సిలు జారింది.
వీరవేణి గుచ్చింది, కొంచెం గట్టిగానే.

ఆరేదాకా చీమలు పట్టకూడదు.
నూకరత్నం ముక్కాలి పీట తెచ్చి
మూడు కాళ్ళ కింద మూడు కొబ్బరి చిప్పలు పెట్టి
నీళ్ళు పోసింది.
"దీనికీ నా బతుకే" అంది, పీటని చూసి.
ముగ్గురం నవ్వాం.
పుంతలో బీడీ వెలిగించుకుని బుల్లెబ్బాయి చూస్తున్నాడు.
రాలేదు. వెళ్ళిపోనూ లేదు.

పన్నెండింటికి పెట్టె మూశాను.
పది గజాలు నడిచాక గుర్తొచ్చి, వెనక్కెళ్ళి
మూడు చిప్పలూ బోర్లించాను.
నీళ్ళు నిలవుంచకూడదని
రోజూ చెప్పేది నేనే కదా.
పక్కనే, రేపటి అమాస చీకట్లో,
పీచు గోతులు
ఊరి చివరిదాకా నిండి ఉన్నాయి.