యాభై దిర్హముల ఆకు

లీవా తొవ్వల అడవి ఆఫీసంటే
ఒక రేకుల షెడ్డు, రెండు నీళ్ల ట్యాంకర్లు,
ఇసుక గీకిన బోర్డు.
అడవి మాత్రం ఇంకా రాలే.

హాషిం సార్ సూడాన్ నుంచి దిగిండు, డెబ్బై ఎనిమిదిల,
సర్కారు ఆర్డరు జేబుల మడిచి.
నేను మెట్‌పల్లి లింబాద్రిని, ట్యాంకర్ డ్రైవర్ను.

పగలు మొక్కల లెక్కకు ఆయన చేతిల తస్బీహ్ పూసలు.
రాత్రి జీపు బానెటెక్కి, లైటేసి,
చీకట్ల మెరిసే కండ్ల లెక్క.
"కండ్లు రెండు లింబాద్, జింక ఒక్కటే. మర్వకు"
అనేటోడు, నవ్వకుంట.

ఒకసారి పెద్దింటి పిలగాండ్లు వేటకొస్తే
బండికి అడ్డం నిలవడ్డడు.
వారానికే బదిలీ, ఏదో దీవికి.
రెండేండ్లకు తిరిగొచ్చి
అదే రిజిస్టరు, ఆపిన గీత కింది నుంచే మొదలువెట్టిండు.

వాళ్లు గాఫ్ అంటరు.
నేను మొదటిసారి చూసి ట్యాంకరే ఆపిన.
మా జమ్మి!
అదే ముల్లు, అదే సన్నాకు,
నీళ్లడగని అదే మొండితనం.

దసరానాడు క్యాంపుల పదకొండు మందిమి.
చేతులల్ల పెట్టుకోను బంగారం లేదు.
గుప్పెడు తెంపిన.

సార్ చూసిండు. రసీదు బుక్కు తీసిండు.
నా జీతం ఆరు వందలు, జుర్మానా యాభై.
"దీన్ని మేం బంగారమంటం సార్" అన్న.
కార్బన్ కాయితం సదురుకుంట ఆయనన్నడు:
"బంగారమైతే మరి తెంపుడెందుకు?"

యాడాదంత ఆయనతోని ముక్తసరి మాటలే నాకు.
ఒకనాడు అడిగిండు, ఇంజన్ మోతల,
"మీ పండుగ కూడా చంద్రుని లెక్కనేనా?"

ఆ దసరాకు పొద్దుగూకినంక వచ్చిండు.
రుమాలు విప్పితే
చెట్టు కింద ఏరిన రాలాకు,
సగం ఎండింది, ఇసుకతోని సహా.
కాళ్లు మొక్కబోతే వెనక్కి జరిగిండు,
చెయ్యి గుండె మీద పెట్టుకున్నడు.
ఇసుక దులుపుకొని మేమే పంచుకున్నం.

రిటైరైననాడు గోడ గడియారమిచ్చిన్రు.
అది చంకల పెట్టుకొని, పోయే ముందట
ట్యాంకర్ వాల్వు కారుతుందని తిట్టి పోయిండు.

రసీదు ఇంకా ఉంది నా దగ్గర.
అరబ్బీ చదవరాదు. మొన్న
మా మసీదు ఇమాం సాబుకు చూపిస్తే
కారణం గడిల రాసింది చదివిండు:
"పిడికెడు ఆకు. తెలియక."

తెలియకనట.
ఇరవై రెండేండ్ల ఆయన లెక్కలల్ల
నేను పట్టుకున్న తప్పు అదొక్కటే.