పడిపోయింటాది

తాడిపత్రి బండల మిషన్ కాడ
ఎనిమిదేండ్లు నీళ్లలో నిలబడి పనిచేసినా.
చీర కుచ్చెళ్లకంతా నాపరాయి బురద.
అందుకే మొదట్లో అందరిదీ ఒకే మాట:
"నీళ్ల పని గదా, ఉడుకు చేసింటాది.
సబ్జా గింజలు తాగు."

తాగినా. బార్లీ తాగినా. పల్లేరు కషాయం తాగినా.
గంటకు నాలుగు తూర్లు గోడ చాటుకు పోయి
నాలుగు చుక్కల కోసరం
పండ్లు బిగించుకొని కూర్చున్నా.
మేస్త్రీ గడియారం చూసేవాడు.
మిషన్ ఆగితే నా కేక వినపడతాదని
మిషన్ ఆడేటప్పుడే పోయేదాన్ని.

రెండో కాన్పయిన నలభై దినాలకు
కాపర్‌టీ వేసింది ప్రమీలా సిస్టరు.
"దారం తగులుతాందో లేదో చూసుకుంటా ఉండు" అనింది.
మూడో నెల తగల్లేదు.
పోయి చెప్తే, వేలు పెట్టి చూసి,
చేతులు కడుక్కుంటా, "పడిపోయింటాదిలే" అనింది.
నమ్మినా.
ముక్కుపుడక పడిపోలేదా, రేషన్ కార్డు పడిపోలేదా,
ఇదీ యాడనో పడిపోయింటాది.

మరుసటేడు లాలెమ్మ పుట్టింది.

అనంతపురం పెద్దాసుపత్రిలో
ఎక్స్‌రే తెల్లదీపానికి ఆనించినాడు చిన్న డాక్టరు.
మూత్రం సంచిలో రాయి, కోడిగుడ్డంత.
రాయి నడుమ ఏందో గీత.
నా మోచెయ్యి పట్టి లాగి
"అమా, టీ" అనింది లాలెమ్మ.
"ఉండే, బయటికి పోయినాక తాగుదాం" అన్నా.
డాక్టరు నవ్వబోయి ఆపుకున్నాడు.

గర్భసంచి గోడ తొలుచుకొని
పక్కసంచిలోకి పోయిందంట.
పదకొండేండ్ల నుంచి ఆడనే ఉందంట.
ఉప్పు పట్టి, పొర మీద పొర పట్టి...
అది మాత్రం నాకు చెప్పనక్కరలే సారూ,
రాయి పొరలు నాకు తెలుసు.

"పడిపోయిందని ఎవరు చెప్పినారమ్మా?"
పేరు నోటిదాకా వచ్చింది.
ఆయమ్మ కాన్పుల కాడ రాత్రంతా
నా నడుము రుద్దింది గూడా గుర్తొచ్చింది.
"ఒక సిస్టరు" అన్నా.

తీసినాక డబ్బాలో వేసి చూపించినారు.
బొటనవేలితో రుద్ది చూసినా.
గరుకు. పాలిష్‌కు పనికిరాదు.

పైపు తీసిన దినం
తలుపున్న కక్కసులో కూర్చున్నా, గడియ పెట్టుకొని.
"అయిందా మా?" బయట లాలెమ్మ.
పలకలేదు.
"మా, అయిందా?"
ఉండే.
వింటాండా.