రెండు సున్నాలు

తిబిలిసి శివారు. తొమ్మిదంతస్తుల మేడ.
పది తెత్రీల బిళ్ళ మింగితే గానీ కదలని లిఫ్టు
ఆ ఉదయం బిళ్ళ మింగి కూడా కదల్లేదు.
కింద గుమ్మంలో జుజునా బామ్మ
బంగాళాదుంపల బస్తా మీద కూర్చుని తిడుతోంది;
ఆ తిట్లు మాత్రం
తొమ్మిదంతస్తులూ ఆయాసపడకుండా ఎక్కొచ్చాయి.

పైన యంత్రాల గదిలో మేమిద్దరం.
నేను పనిలో చేరి పదకొండో రోజు.
త్సియాలా గారు ఉంగరం తీసి జేబులో వేసుకున్నారు,
కళ్ళజోడు తాడు కోటు లోపలికి దోపుకున్నారు,
రబ్బరు చాప మీద నిలబడి
"కట్టేశావా?" అన్నారు.
కట్టేశాను. పెద్ద స్విచ్చు కిందికి లాగి
తాళం వేసి, చెవి ఆమె చేతికే ఇచ్చాను.

నా మీటరు కొత్తది.
అంటే, నాకు కొత్తది.
ఎలియావా సంతలో గోచా అనేవాడి దగ్గర
గంటసేపు బేరమాడి గెలిచిన పసుప్పచ్చ మీటరు.
నల్ల ప్రోబు అక్కడ, ఎర్ర ప్రోబు ఇక్కడ ఆనించాను.
సున్నా.
కడిగి బోర్లించిన పళ్ళెంలా
గుండ్రటి సున్నా.
చెయ్యి చాచాను.

ఆమె అరవలేదు.
పొంగబోయే పాలగిన్నెను దించినట్టు
నా మణికట్టు పట్టుకుని పక్కకు తప్పించారు.
"ముందు జవాబు తెలిసిన చోట అడుగు."

జవాబు తెలిసిన చోటు గోడ సాకెట్టు,
మేడ దీపాల లైనులోది;
అప్పటిదాకా ఆమె కెటిల్ కాగుతున్నది అందులోనే.
కెటిల్ పీకి ప్రోబులు పెట్టాను.
సున్నా.
ఇటు కెటిల్ మూతి నుంచి ఆవిరి,
అటు మీటరు మొహాన కరెంటే లేదన్న మాట.

కిటికీ అవతల మంచు పడుతోంది.
నా వీపు తడిసిపోయింది.

ఆమె మీటరు తీసుకుని ఓముల వైపు తిప్పారు,
రెండు ప్రోబుల ముక్కులూ తాకించారు.
మోగాలి. మోగలేదు.
ఎర్ర తీగను మెడ దగ్గర వంచితే
ఒక్కసారి కీచుమని మళ్ళీ మూగబోయింది.
పైన తొడుగు నున్నగానే ఉంది,
లోపల రాగి ఎన్నడో తెగింది.
వెనక మూత విప్పారు:
ఫ్యూజు ఉండాల్సిన గూట్లో
చుట్టచుట్టిన సిగరెట్ పెట్టె రేకు.
"దీంతో ఆంపియర్లు కొలవబోయావంటే...
గోచా నీకు మీటరు అమ్మలేదు నాయనా,
టపాకాయ అమ్మాడు."

తన మీటరు ఇచ్చారు.
మూలలు అరిగింది, అంకెలు మసకబారింది.
సాకెట్టులో రెండువందల ఇరవై ఎనిమిది.
సరే, దీనికి కళ్ళున్నాయి.
నేను తాకబోయిన చోట
రెండువందల ఇరవై ఆరు.

పెద్ద స్విచ్చు మూడు కత్తుల్లో
విడిపోయినవి రెండే.
మూడోది ఎప్పుడో కాలి దవడకు అతుక్కుని
నా తాళం వెనక
హాయిగా కూర్చుని ఉంది.

నేలమాళిగకు దిగి అక్కడే ఆపేసి వచ్చాను,
దారిలో బామ్మ తిట్లలో నా వాటా అందుకుని.
మళ్ళీ అడిగాను. ఒక చెయ్యి జేబులోనే.
సాకెట్టులో ఉంది.
లిఫ్టు తీగల్లో ఒక్కోదాన్నీ భూమితో, ఒకదాన్ని మరోదానితో: లేదు.
మళ్ళీ సాకెట్టులో: ఉంది.
ఇదీ సున్నాయే,
కానీ దీనికి ముందొక సాక్షి, వెనకొక సాక్షి.
అప్పుడు ఆమె నా మణికట్టు జోలికి రాలేదు.

ఆ తర్వాతది చిన్న పని.
తలుపుల కాంటాక్టులు ఒక్కొక్కటీ పలకరిస్తూ దిగాం:
తొమ్మిదిలో మోగింది, ఎనిమిదిలో మోగింది,
ఏడు, ఆరు.
ఐదులో పలకలేదు.
రెండు రాగి రేకుల నడుమ
పొద్దుతిరుగుడు గింజ పొట్టు, ఒకే ఒక్కటి.

లిఫ్టు కిందికొచ్చింది.
బస్తా లోపలికి లాగాను.
బామ్మ తిట్లు ఆపి, కోటు జేబులో చెయ్యి పెట్టి
మా ఇద్దరి దోసిళ్ళలో
గుప్పెడేసి పొద్దుతిరుగుడు గింజలు పోసింది.

త్సియాలా గారు నా వైపు చూడలేదు.
నేనూ చూడలేదు.
తలుపు మూసుకునేదాకా
ఇద్దరం చాలా శ్రద్ధగా
మీటరు కేసే చూస్తున్నాం.