అడుగు

ఎనిమిది అడుగుల తొట్టి.
దాని అడుగున ఏముండాలన్నదే తగువు.

పొంతియానాక్‌లో, కాపువాస్ ఏటి ఒడ్డున,
బోంగ్ న్యుక్ మోయ్ కాఫీ కొట్లో
పొద్దున ఆరింటికే కుర్చీలు నిండుతాయి.
ఒక్క కప్పు మీద రెండు గంటలు గడిపేవాళ్లకు
ఆ ఎర్ర అరోవానాయే పేపరు, అదే పంచాయితీ.

ఇసుక పోయించు, అంటాడు పాక్ జుల్కర్నైన్.
ముప్పై ఏళ్లు పడవ నడిపినవాడు,
అడుగులేని నీళ్లను నమ్మడు.
వట్టి గాజే మేలు, అంటాడు టైర్ల కొట్టు ఆ-లియోంగ్,
తిన్నది తిన్నట్టు, విడిచింది విడిచినట్టు కనబడుతుంది,
దాచుకోడానికి ఏముంది చేపకి?
గులకరాళ్లు మాత్రం వద్దు, మింగి చస్తుంది, అని
మూలనుంచి ఎవరో.

నన్నెవరూ అడగరు.
వారానికి రెండుసార్లు వచ్చి
చంక దాకా చెయ్యి ముంచి
తొట్టి కడిగేవాణ్ణి నేను.
పేరు ఉంగాట్. ఊరు ఏటికి ఎగువన,
రెండు పగళ్లు ఒక రాత్రి దూరం, సరస్సుల దగ్గర.

ఆవిడ ఒక్కతే అడిగింది,
చిల్లర లెక్కపెడుతూ, తల ఎత్తకుండా.
గాజే ఉంచండి, అన్నాను.
చేప కోసం చెప్పలేదు, నా నడుము కోసం చెప్పాను.
వట్టి గాజు మీద సైఫన్ గొట్టం పెడితే
పది నిమిషాల్లో పని అయిపోతుంది.
ఇసుకైతే, రేణువు లేవకుండా మురికి మాత్రమే లేచేలా
గొట్టాన్ని వేలెత్తున ఆడించాలి,
ఊపిరి బిగబట్టి,
నిద్రపోతున్న పిల్ల తల్లోంచి పేను తీసినట్టు.
అంత ఓపిక మీరిచ్చే డబ్బుల్లో లేదు,
అనలేదు.

మా తాత ఈ చేపని కట్టెల మీద కాల్చుకు తినేవాడు.
ముళ్లెక్కువ, రుచి తక్కువ, అని పిల్లికి వేసేవాడు సగం.
ఎండాకాలం సరస్సు ఇంకిపోతే
అడుగంతా బయటపడేది:
కుళ్లిన ఆకులు, నల్లటి బురద, ఎవరిదో విరిగిన తెడ్డు,
నెల తిరిగేలోపు గడ్డి.
ఆ అడుగు మీద నేను బంతి ఆడాను.
ఈ చేపకి దానితో పనేముంది?
పైపైనే తిరిగే జాతి,
కొమ్మ మీది పురుగు కోసం నీళ్లు చీల్చుకుని ఎగిరే జాతి,
దాని చూపంతా మీదికే.

మీదికేనా?
ఒక బుధవారం చూశాను, ఎడమ కన్ను జారింది.
గుడ్డు కిందికి వాలి, పైన తెల్లటి అంచు.
కొవ్వు వల్ల అంటారు, పుట్టుక వల్ల అంటారు,
కిందికి జారిన మేత వల్ల అంటారు.
నాకు తెలీదు.
నాకు కనబడింది ఒక్కటే.
గాజులో, కింద, ఇంకో చేప.
తలకిందులుగా, అంతే ఎర్రగా,
ఇది కదిలితే కదులుతూ, ఆగితే ఆగుతూ.
వారానికి రెండుసార్లు తుడిచి తుడిచి
దాన్ని మెరిపిస్తున్నది నేనే.

మార్చి ఇరవై రెండు.
భూమధ్యరేఖ స్తంభం దగ్గర జనం, ఐస్ బండ్లు,
నేల మీద గుడ్డు నిలబెట్టే పిల్లలు.
సూర్యుడు నడినెత్తికి వచ్చాడు,
స్తంభం నీడను స్తంభమే మింగేసింది.
నా కాళ్ల చుట్టూ చూసుకున్నాను.
నేనొక్కణ్ణే ఉన్నాను.
ఎంత తేలికైందో చెప్పలేను,
సైకిల్ తాళం ఎక్కడ పెట్టానో కూడా మరిచిపోయాను.

ఆ సాయంత్రం రెండు బకెట్ల నల్ల ఇసుక,
తేటనీళ్లు వచ్చేదాకా కడిగి,
గోరు మందాన పరిచాను.
గాజే అన్నావుగా, అంది న్యుక్ మోయ్.
అన్నాను, అన్నాను.
ఆవిడ ఇసుక వైపు చూసి, నా వైపు చూసి,
గల్లాపెట్టె మూసింది.

మర్నాడు జుల్కర్నైన్ తానే గెలిచానన్నాడు.
ఆ-లియోంగ్ రెండ్రోజులు కాఫీకి రాలేదు.

కన్ను పైకి రాలేదు. జారింది జారినట్టే ఉంది.
ఇప్పుడు నాకు అరగంట పడుతోంది.
వంగి గొట్టం ఆడిస్తుంటే
అది నెమ్మదిగా నా మీదుగా వచ్చి ఆగుతుంది,
వాలిన ఆ కంటితో కిందికి చూస్తుంది:
ఇసుక,
ఇసుక,
నా చెయ్యి.