చీమల గిన్నెలు

చర్చి వీధిలో నా ఫోటో స్టూడియోకి
గంట కొట్టే జ్ఞానాభరణం
సైకిలు వెనక కట్టుకొని తెచ్చిన టేకు పెట్టెలో
నలభై మూడు గాజు పలకలు.
మొన్నటి తుపానుకు పాస్టరు గది మిద్దె కారితే
అటక మీద బయటపడినాయంట.
"చర్చి పండగకు పుస్తకమేస్తారు.
సీమవి ఒక కట్ట, మన ఊరివి ఒక కట్ట చెయ్యి నాయనా"
అనేసి పోయినాడు.
సీమంటే మనమే గదన్నా అందామనుకునే లోపల
సందు మలుపు తిరిగినాడు.

గాజు మీద లోకం తిరగబడి ఉండాది.
కిటికీలు బొగ్గు,
బల్లల కింద చీకటి మజ్జిగ,
కొవ్వొత్తి కొసన ఒక నల్ల చుక్క.
మీట నొక్కితే తెల్లారింది.

మెట్ల వరస, మెట్ల మీద పూల తివాచీ.
గోడకు కొమ్ముల తలలు ఏడు.
బూడిద తీసి తుడిచిన పొయ్యి,
దాని మీద ఏ పొద్దునో నాలుగూ పదికి ఆగిన గడియారం.
ఒక్క మనిషి లేడు.
మూత తీసి నిమిషాల తరబడి నిలబెట్టే కెమెరా అది,
కదిలినోళ్ళను లెక్కలోకి తీసుకోదు.
కుర్చీలు మాత్రం
ఊపిరి బిగబట్టి కూర్చున్నాయి.

చుట్టిన కాగితాలను ఎలకలు కొట్టేసినాయి.
మిగిలిన ముక్కల మీద వాలు రాతలో ఒకటే మాట: హోం.
ఈ ఇల్లూ హోమే, ఆ ఇల్లూ హోమే.

చర్చీలు తేల్చడం సుళువు.
అక్కడి వెలుగు రంగుటద్దాల్లోంచి
బియ్యం కడిగిన నీళ్ళ మాదిరి దిగి
రాతి స్తంభాల పాదాల కాడ ఆగిపోతుంది.
మా చిత్తూరు ఎండకు ఆ మర్యాద తెలీదు.
కిటికీ చట్రాన్నే తినేసి
ముందు వరస బెంచీని సగం కాల్చింది.
ఎనిమిది అటు, ఐదు ఇటు.

ఇండ్ల దగ్గరే చిక్కు.
ఇక్కడ బంగళా కట్టిన దొర
తన ఇంటికి కొలతలు తీసి
మళ్ళీ కుట్టించుకున్నట్టుండాడు.
అదే పియానో, అవే తెరలు.
కొమ్ములు తలకోన కణుజులవో
వాళ్ళ దేశపు దుప్పులవో నాకెట్లా తెలుస్తాది?
వట్టివేళ్ళ తడికెలు తడిపి కట్టి
ఎండను వాకిట్లోనే నిలబెట్టినాడు.
లోపలంతా పరాయి ఊరి సాయంత్రం.

మూడు రాత్రులు చూసినా.
పెద్దది చేసి, ఇంకా పెద్దది చేసి
పింగాణీ బీరువా కాళ్ళ దాకా పోయినా.
ఒక ఇంట్లో కాళ్ళు తివాచీ మీద ఉండాయి.
ఇంకో ఇంట్లో నాలుగు కాళ్ళూ
నాలుగు రాతి గిన్నెల్లో ఉండాయి.
గిన్నెల్లో నీళ్ళు.

మా అవ్వ కనకరత్నం చెప్పేది,
ఎనిమిదేండ్లప్పుడు బంగళాలో తన పని
"చీమలకు నీళ్ళు పోసేది" అని.
దినానికి రెండు తూర్లు, ఇత్తడి చెంబుతో,
మోకాళ్ళ మీద గది గదీ తిరిగి.
నెలకు అర్ధరూపాయి.
చీమల దప్పి కూడా తీర్చిన దొరసాని దయ గురించి
నేను బడిలో చెప్పినా,
ఐవారు మెచ్చుకున్నాడు గూడా.
అవ్వ ఎప్పుడూ సరిదిద్దలా.
నవ్వినట్టు గుర్తు.

వెనక ఎడమ కాలి గిన్నెలో నీళ్ళు మాత్రం
అద్దంలా లేవు.
తెల్లగా చెదిరి ఉండాయి,
అప్పుడే పోసి ఎవరో పక్కకు జరిగినట్టు.
నేల మీద తడి చార ఒకటి
ఫోటో అంచు దాకా పోయింది.
అవ్వే అనను. ఏ ఏటి పలకో తెలీదు.
అవ్వకు ముందు ఇంకో పిల్ల,
ఆ పిల్లకు ముందు ఇంకెవరో.
గిన్నెకు ఇవతల వరసగా సన్న చుక్కలు,
బూజో, చీమలో.

మచ్చలు తీసేయమంటావా అని అడిగింది కంప్యూటరు.
కాఫీ తాగొచ్చి, వద్దన్నా.

ఆదివారం ఆరాధన అయినాక జ్ఞానాభరణం వచ్చినాడు.
"ఏది మనది?"
గిన్నెలు చూపించినా.
కండ్లద్దాలు పైకి తోసి, వంగి, చానాసేపు చూసి
"మా ఇంట్లో చక్కెర డబ్బా
ఇప్పటికీ నీళ్ళ పళ్ళెంలోనే" అన్నాడు.
"మొన్న రెండు దినాలు ఊర్లో లేము, నీళ్ళెండిపోయినాయి.
వచ్చి చూస్తే డబ్బా నల్లగా ఉండాది."